మూడోసారికి కుదిరిన గాతో పిమా

నూనెలో వేసిన మొదటి ఉండ రెండు క్షణాలు బాగానే ఉంది. తర్వాత చుట్టూ నురగ లేచింది. నురగ తగ్గేసరికి ఉండ లేదు. కళాయి నిండా పసుపు రంగు రవ్వ తేలుతోంది. రెండోది వేశాను, అదీ అంతే. వెనక కుర్చీలో కూర్చున్న మా ఇంటి ఓనరమ్మ తాంతీన్ "అయ్యో మామా" అంది. మారిషస్‌లో అయ్యో అనడానికి తెలుగో తమిళమో వచ్చి ఉండక్కర్లేదు, అందరూ అంటారు. కానీ ఆ పూట ఆ అయ్యో మాత్రం అచ్చంగా నాకోసమే.

నాది విజయనగరం. పన్నెండేళ్ళప్పటి నుంచి పండక్కి గారెలు, బూరెలు వేస్తున్న చెయ్యి. పప్పు నానబెట్టి, రుబ్బి, నూనెలో వేయడం కూడా ఒకరు నేర్పాలా అనుకునే రకాన్ని. ఆ ధీమాతోనే మారిషస్‌వాళ్ళు నూనెలో వేయించే పప్పు ఉండలు, గాతో పిమా, నేను చేసి పెడతానని మాటిచ్చేశాను.

మా ఆయన ఆఫీసు ఎబెన్‌లో. మేం అద్దెకుండేది కాత్ర్ బోర్న్‌లో ఒక మేడమీద వాటాలో. కింద ఇంటి ఓనరమ్మ ఒక్కతే ఉంటుంది, డెబ్భై దాటాయి. వీధిలో చిన్నాపెద్దా అందరూ ఆవిణ్ణి తాంతీన్ అంటారు. పిన్ని, అత్త, ఆంటీ అన్నిటికీ అదే మాట. వాళ్ళు తెలుగువాళ్ళే, చెరకు తోటల్లో పనికి వచ్చిన కుటుంబం. ఇంట్లో మాట్లాడేది మాత్రం క్రియోల్, ఫ్రెంచి నుంచి పుట్టిన ఇక్కడి భాష. ఆవిడ తెలుగంతా రామభజనలో ఉంది. పాట మొదలెడితే చివరిదాకా ఎక్కడా తడబడదు, అర్థం మాత్రం నన్నే అడుగుతుంది. మాటల్లో మిగిలినవి నాలుగైదే. దా. తిను. కూకో. ఆ "కూకో" మొదటిసారి విన్నప్పుడు నేను నిజంగానే టక్కున కూర్చుండిపోయాను. మా నాయనమ్మ అలాగే అనేది.

నవంబరులో పెరట్లో తడి గచ్చు మీద జారి ఆవిడ కుడి మణికట్టు విరిగింది. ఆరువారాలు కట్టు. డిసెంబరులో ఫ్రాన్సులోని లియోన్ నుంచి కూతురు వస్తోంది, నాలుగేళ్ళ తర్వాత. ఆ అమ్మాయి ఎప్పుడొచ్చినా మొదటి పొద్దున బల్ల మీద గాతో పిమా ఉండి తీరాలట. బజార్లో ప్రతి మూలా అమ్ముతారు కదా, తెచ్చేద్దాం అన్నాను. తాంతీన్ నా వైపు చూసిన చూపుకి తెలుగు, క్రియోల్ రెండూ అక్కర్లేదు. సంక్రాంతికి అరిసెలు షాపులో కొందామన్న కోడల్ని మా అమ్మమ్మ అలాగే చూసేది.

గాతో అంటే కేకు, పిమా అంటే మిరపకాయ. కొత్తగా వచ్చిన రోజుల్లో మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేసి "ఇవాళ మావాళ్ళు గాతో ఏదో పెట్టారు, నీకూ తెస్తున్నా" అంటే నేను క్రీముతో ఉన్న కేకు ముక్క కోసం ఎదురుచూశాను. ఆయన తెచ్చిన కాగితప్పొట్లం నూనెకి తడిసి అద్దంలా ఉంది. లోపల ఆరు చిన్న చిన్న వడలు. చల్లారిపోయి ఉన్నాయి, నాకేం గొప్పగా అనిపించలేదు. చిన్న మసాలా వడ, అందులో ఉల్లిపాయ వెయ్యడం మర్చిపోయారు అనుకున్నాను.

దాని అసలు సంగతి తెలిసింది రోజ్ హిల్ బస్టాండు దగ్గర. పొద్దున్నే ఆరుంపావు. మోటారు సైకిలు వెనక అద్దాల పెట్టె కట్టుకుని ఒకాయన నిలబడ్డాడు. ఆఫీసులకి పోయేవాళ్ళు, బడిపిల్లలు చుట్టూ మూగారు. గుండ్రటి రొట్టె ఒకటి తీసి మధ్యకి చీల్చి, వెన్న రాసి, వేడి గాతో పిమాలు నాలుగు లోపల పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కాడు. వెన్న కరిగి పప్పులోకి దిగింది. పైన రొట్టె పెళపెళ, లోపల గాతో పిమా కరకర, మధ్యలో ఉప్పటి వెన్న, ఎక్కడో ఒక మిరపముక్క. బస్సు వదిలేసి ఇంకోటి తిన్నాను. ఇది సాయంత్రం టీలో నంజుకునే వడ కాదు, పొద్దుటి టిఫిను. రొట్టెలో పెట్టడానికే ఆ సైజు, రొట్టెలో నొక్కితే చితకాలి కాబట్టే ఆ లోపలి మెత్తదనం. ఇదంతా నాకు తర్వాత అర్థమైంది. అప్పటికి తిన్నానంతే.

మళ్ళీ కరిగిపోయిన ఉండల దగ్గరికి వద్దాం.

పప్పు సంగతి ముందు చెప్పాలి. ఇక్కడ దోల్ అంటే పప్పు. కొందరు మన పచ్చిశనగపప్పుతోనే చేస్తారు. తాంతీన్ ఇంట్లో మాత్రం పసుపు బఠాణీ బద్దలు, అంటే ఎండు బఠాణీలు పొట్టు తీసి రెండుగా చేసినవి. శనగపప్పు కంటే ఇవి మెత్తగా, కొంచెం తియ్యగా ఉంటాయి, నీళ్ళు కూడా బాగా పీలుస్తాయి. అరకిలో రాత్రే నానబెట్టాను, ఎనిమిది గంటలు. పొద్దున్న నీళ్ళు వంపి, మిక్సీలో వేసి, తిరగడం లేదని అలవాటు కొద్దీ రెండు చెంచాల నీళ్ళు పోసి మెత్తగా తిప్పేశాను. ఉప్పు ముందే వేశాను. గారెల పిండి అయితే అది చాలా చక్కటి పిండి. మినప్పిండికి జిగురుంటుంది, మెత్తగా రుబ్బి గిలక్కొట్టేకొద్దీ గాలి పట్టి గారె తేలుతుంది. బఠాణీ బద్దలకి ఆ జిగురు లేదు. లోపలున్న నీరు నూనె తగలగానే ఆవిరై బయటికి తన్నుకొస్తుంది, పట్టుకునేది ఏమీ లేక ఉండ కాస్తా విచ్చిపోతుంది. ఇది ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను గానీ, అప్పుడు మాత్రం నూనె చాలా వేడెక్కిందేమో అని మంట తగ్గించాను. అది ఇంకా పెద్ద తప్పు. చల్లటి నూనెలో పైపొర గట్టిపడేలోపే మిగతాది కూడా జారిపోయింది.

తాంతీన్ ఎడమచేత్తో గిన్నెలోంచి ఇంత పిండి తీసి పిడికిలి బిగించింది. వేళ్ళ సందుల్లోంచి నీరు కారింది. ఆవిడ ఏమీ అనలేదు, నా మొహానికి ఎదురుగా ఆ చెయ్యి అలాగే పట్టుకుంది. ఆ పిండిని చివరికి నేను మేడమీదికి తీసుకెళ్ళి అట్లు పోశాను. మా ఆయన బాగున్నాయనే అన్నారు, పెసరట్టు అనుకుని.

రెండోసారి నేను తెలివి ఉపయోగించాను. పచ్చిశనగపప్పు తెచ్చాను, అది నా చేతికి తెలిసిన పప్పు. నాలుగు గంటలు నానబెట్టి, నీళ్ళు చుక్క లేకుండా కచ్చాపచ్చాగా తిప్పి, అల్లం, సోంపు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు కలిపాను. విడిపోతుందేమోనన్న భయంతో రెండు చెంచాల శనగపిండి కూడా కలిపాను. ఒక్కటీ విడిపోలేదు. ఎర్రగా, అందంగా వచ్చాయి. పళ్ళెంలో పెట్టుకుని గొప్పగా కిందికి దిగాను.

తాంతీన్ రెండు తింది. మూడోది చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బావుంది," అంది. "ఇది వడ."

"గాతో పిమా కూడా వడే కదా తాంతీన్?"

"వడ కావాలంటే మా పక్కింటి తమిళావిడ ఇంకా బాగా చేస్తుంది," అని మూడోది కూడా తినేసింది.

ఒప్పుకోవాలి, నాకు ఉక్రోషం వచ్చింది. ఆ రాత్రి మా ఆయనతో వాదన కూడా పెట్టుకున్నాను. ఎవరి పప్పు, ఎవరి వడ, ఇక్కడికొచ్చి పేరు మార్చుకుని ఇప్పుడు మనకే కాదంటోందా అని. ఆయన లాప్‌టాప్ లోంచి తలెత్తకుండా, "మన పచ్చిమిరపకాయ కూడా అమెరికా నుంచి వచ్చిందే, మనం తిరిగి ఇచ్చామా" అన్నారు. సమాధానం దొరకలేదు.

శనివారం కాత్ర్ బోర్న్ కూరగాయల సంతకి తాంతీన్ నాతో వచ్చింది, కట్టు కట్టిన చెయ్యి గుడ్డలో వేలాడేసుకుని. నాకు ఆ సంత అంటే ఇష్టం. క్రియోల్ సరిగ్గా రాని రోజుల్లో కూడా అక్కడ నాకు పేర్లు అర్థమయ్యేవి. కొత్తిమీర కోతోమిలి. కరివేపాకు కారిపులే. మునగాకు బ్రేద్ మురుమ్. బీరకాయ పిపెంగాయ్. అన్నీ తమిళం నుంచి వచ్చినట్టున్నాయి, మన పేరు ఒక్కటీ కనపడదేమని నాకు కొంచెం కినుక. టమాటా మాత్రం ఫ్రెంచి, పొమ్‌దామూర్, ప్రేమ పండు అని అర్థం. దాన్ని మా నాయనమ్మ రామ్ములక్కాయ అనేది. లిచీల కాలం కాబట్టి కొమ్మలతో సహా గుత్తులు గుత్తులుగా కట్టి అమ్ముతున్నారు. తాంతీన్ దేన్నీ చూడనివ్వలేదు. సన్న పచ్చిమిరపకాయలు కొంది, తర్వాత ఉల్లికాడలు. ఉల్లికాడల్ని ఇక్కడ ఉల్లితోక అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. తోకే కావాలి, గడ్డ వద్దు అని నాకు రెండుసార్లు చెప్పింది. గడ్డలో నీరుంటుంది, పైగా నూనెలో ముందు అదే మాడుతుంది.

ఇంటికొచ్చాక ఆవిడ నన్ను వంటింటి వెనక వసారాలోకి తీసుకెళ్ళి ఒక గోనెసంచి ఎత్తమంది. కింద సన్నికల్లు. ఇక్కడ దాన్ని రోస్ కారి అంటారు, కూరరాయి. పైన నూరే పొత్రం పేరు బాబా రోస్, రాతిపిల్ల. అత్తగారిదట. మధ్యలో అరిగి అరిగి చిన్న పళ్ళెంలా గుంటపడింది. మా ఇంట్లో సన్నికల్లు ఆఖరిసారి ఎత్తింది నా పెళ్ళికి, పసుపు రాసి తొక్కించడానికి. దాని మీద పప్పు నూరడం అప్పటిదాకా నేను చూడనైనా లేదు.

"మిక్సీలో అంతా ఒకేలా అవుతుంది," అంది తాంతీన్. "ఒకేలా ఉంటే కాదు."

మూడోసారి లెక్క ఇలా జరిగింది. అరకిలో బఠాణీ బద్దలు రాత్రంతా నానాయి. పొద్దున్న నీళ్ళు వంపేసి, జల్లెడలో పోసి గంటసేపు వదిలేశాం. తర్వాత పాత తువ్వాలు మీద పరిచి పైన ఇంకో తువ్వాలు వేసి అద్దాం. ఇంత చాదస్తం ఎందుకా అనిపించింది గానీ నోరు మెదపలేదు. మూడింట ఒక వంతు రాతి మీద ముద్దగా నూరాలి. మిగిలిన రెండు వంతులు బద్ద మూడు నాలుగు ముక్కలయ్యేలా చితికితే చాలు. ముద్ద పట్టి ఉంచుతుంది, ముక్కలు కరకరలాడతాయి. నీళ్ళు చుక్క లేదు. రాతి మీద బాబా రోస్‌తో ముందుకీ వెనక్కీ తోస్తుంటే పది నిమిషాల్లో నా భుజాలు పట్టేశాయి. తాంతీన్ ఎదురుగా పీట మీద కూర్చుని, ఆగినప్పుడల్లా ఎడమచేతి వేలితో కొంచెం తీసి రుద్ది చూసి "ఇంకా" అంటోంది. లేదా "చాలు, చాలు, అది ముద్దకి" అంటోంది.

ఎనిమిది పచ్చిమిరపకాయలు, నాలుగు ఉల్లికాడలు, గుప్పెడు కొత్తిమీర, పది కరివేపాకులు, అన్నీ కత్తితో వీలైనంత సన్నగా. చెంచాడు జీలకర్ర. ఇవి కలిపి పక్కన పెట్టాం. ఉప్పు నూనె కాగిన తర్వాతే. ముందే వేస్తే పప్పులోంచి నీరు ఊరుతుంది, పొద్దుటి నుంచి తువ్వాళ్ళతో పడ్డ పాటంతా వృథా. పసుపు అక్కర్లేదు, పప్పు రంగు చాలు. సోడా వేద్దామా అని అడిగాను. అమ్ముకునేవాళ్ళు వేసుకుంటారు అంది.

నూనె కాగడానికి ముందు, పప్పు జల్లెడలో ఆరుతున్నప్పుడు, ఆవిడ లోపలి నుంచి ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం తెచ్చింది. మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో పాత వలస రికార్డులు ఉన్నాయి. కూలీలుగా వచ్చిన ప్రతి మనిషికీ ఒక నంబరు, ఓడ పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, జిల్లా, ఊరు. ఇక్కడి కుటుంబాలు వెళ్ళి తమ పెద్దవాళ్ళ కాగితం నకలు తెచ్చుకుంటారు. తాంతీన్ ముత్తాతది వాళ్ళ చిన్నాన్న కొడుకు తెచ్చాడట. జిల్లా వైజాగపటం అని స్పష్టంగా ఉంది. ఊరి పేరు దగ్గర మాత్రం ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు. "నువ్వు అక్కడిదానివే కదా, చదువు" అంది. విజయనగరం 1979 దాకా విశాఖ జిల్లాలోనే ఉండేది, అంటే అది మా తాలూకాలో ఊరు కూడా కావచ్చు. ఆ అక్షరాలని మూడు రకాలుగా పలికి చూశాను. రెండు ఊళ్ళు తట్టాయి, ఒకటి మా మేనత్తగారిది. ఏదని చెప్పను? రెండూ చెప్పాను. ఆవిడ రెండూ నోట్లో తిప్పుకుని చూసి, కాగితం మళ్ళీ కవర్లో పెట్టి, "పప్పు ఆరింది" అని లేచింది.

కరాయ్ కింద మంట పెట్టాం. కళాయిని ఇక్కడ కరాయ్ అంటారు. నిమ్మకాయలో సగం ఉండేంత ముద్ద తీసి, అరచేతిలో బిగించి, రెండు వేళ్ళతో కొంచెం అణచాలి. పల్చగా చేస్తే వడ, మరీ ఉండలా ఉంచితే లోపల పచ్చి. అంచులు చిట్లితే మళ్ళీ బిగించాలి. మొదటి దానికి నా చెయ్యి వణికింది. వేశాను. నురగ లేచింది. ఊపిరి బిగబట్టాను. నురగలోంచి ఉండ పైకి తేలింది, ఒంటి మీద ఒక్క పప్పు ముక్క కూడా రాలకుండా. తాంతీన్ ఏమీ మాట్లాడకుండా లేచి వసారాలోకి వెళ్ళి కూర్చుంది. నాకు అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఇప్పటిదాకా రాలేదు.

అయితే అక్కణ్ణుంచి కూడా వదిలిపెట్టలేదు. నేను రంగు చూసి తీద్దామని చిల్లుల గరిటె పట్టుకోగానే "ఉంచు, ఇంకా మాట్లాడుతోంది" అని కేక. నూనె గురించి. తడి ఉన్నంతసేపు నూనె గట్టిగా చిటపటలాడుతుంది, లోపల ఉడికేకొద్దీ గొంతు తగ్గుతుంది. ఆ గొంతు గొణుగుడులోకి దిగినప్పుడు తీయాలి. వాయికి నాలుగైదు నిమిషాలు పట్టింది. పొద్దుపోయేదాకా గారెలు వేసిన రోజులున్నాయి గానీ, నూనె మాట వినాలని నాకు ఎవరూ చెప్పలేదు. మేం రంగే చూసేవాళ్ళం. అరకిలో పప్పుకి నలభై ఎనిమిది వచ్చాయి. విడిపోయింది ఒకటే, అదీ చివర్లో గిన్నె అడుగున ఊరిన తడితో చేసింది.

అదంతా రిహార్సల్. అసలు రోజున తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఒక్కదాన్నే నూరాను. ఎందుకైనా మంచిదని మిరపకాయలు ఎనిమిది బదులు ఐదే వేశాను, ఫ్రాన్సులో ఉండే పిల్ల తట్టుకోగలదో లేదో అని. మా ఆయన లాబుతిక్ నుంచి, అంటే వీధి చివర కొట్టు నుంచి, వేడి రొట్టెలు తెచ్చారు. వనిలా వాసన వేసే టీ కాచాను, పాలపొడి కలిపి. పక్కన టమాటా సాతిని, అంటే చట్నీ.

కూతురు నిద్రకళ్ళతోనే వచ్చి బల్ల ముందు కూర్చుంది. నలభై పైబడిన మనిషి, చిన్నపిల్లలా రొట్టె చేత్తో చీల్చింది. వెన్న రాసి, ఐదు లెక్కపెట్టి పెట్టి, రెండు చేతులతో నొక్కి తిన్నది. సగం అయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తల్లివైపు తిరిగి "మామా, పిమా తగ్గింది" అంది.

తాంతీన్ వెంటనే ఎడమచేత్తో నన్ను చూపించింది.

ఆ అమ్మాయి పడీ పడీ నవ్వింది. నేను మొదట చిన్నబుచ్చుకున్నాను, తర్వాత నాకూ నవ్వొచ్చింది. మిగతావాటిలో మూడు డజన్లు చల్లారాక ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో ఉంచాం, లియోన్ తీసుకెళ్ళడానికి. అక్కడ ఓవెన్లో వేడిచేసుకుంటే కరకరలాడతాయట. నూనె మాట వినబడదు గానీ పర్లేదు అంది.

కొత్త సంవత్సరం వెళ్ళాక కట్టు విప్పారు. ఆ మర్నాడు పొద్దున్నే మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు తీస్తే తాంతీన్, చంకలో నానిన పప్పు బేసిన్, మణికట్టు ఇంకా పాలిపోయి సన్నగా ఉంది. నూరడానికి నన్ను రమ్మంది. మిరపకాయలు తను వేస్తుందట.